సోలార్ డ్రయర్‌కు మబ్బు పరీక్ష

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో కాఫీ పళ్లు నవంబరులో ఎరుపెక్కి ఫిబ్రవరి దాకా కోతకొస్తూనే ఉంటాయి. కోత మొదలయ్యే వేళకే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి. వాన లేని రోజున కూడా పొద్దెక్కే దాకా మంచు వీడదు. వీడాక దొరికే ఆ కాస్త ఎండలోనే, గుజ్జు తీసి కడిగిన గింజ తన బరువులో సగం దాకా ఉన్న నీళ్లను వదిలించుకోవాలి. వదలకపోతే బూజు, పులిసిన వాసన, తెగిన ధర. అలాంటి చోట సోలార్ డ్రయర్ మాట ఎత్తితే ఎవరికైనా సబబుగానే తోస్తుంది.

అయితే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 60 ఏళ్లుగా నమూనా మీద నమూనా వస్తూనే ఉంది, పంట మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కల్లాల మీదే ఎండుతోంది. ఎందుకని అడిగితే ఒకరు రైతుకు అవగాహన లేదంటారు, ఒకరు ఖరీదు ఎక్కువంటారు, ఒకరు యంత్రంలోనే లోపం ఉందంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ వీటన్నిటి అడుగున ఒక పేచీ ఉంది. ఎండ బాగా కాసే రోజున టార్పాలిన్ కూడా పని చేస్తుంది. డ్రయర్ నిజంగా కావలసింది ఎండ లేని రోజున, సరిగ్గా ఆ రోజునే దానికి ఇంధనం దొరకదు. ఈ రంగంలోని వాదాలన్నీ ఈ పేచీని విప్పడానికో దాటవేయడానికో పుట్టినవే.

వెనకటి కథ

తోట పెద్దదైతే ఎండను నమ్ముకోలేమని యజమానులు ముందే గ్రహించారు. 19వ శతాబ్దం చివరి భాగంలో గ్వాటెమాలా తోటదారు హోసే గ్వార్దియోలా పేరుతో తిరిగే డ్రమ్ము డ్రయర్ వచ్చింది. మధ్య అమెరికాలో నేటికీ దాన్ని గ్వార్దియోలా అనే పిలుస్తారు. పని చక్కగానే చేస్తుంది, కట్టెలు మాత్రం బాగా తింటుంది. కాఫీ ఎండబెట్టడానికి అడవి కొట్టవలసి రావడమే ఆ తర్వాత హోండురస్, కోస్టారికాల్లో సౌరశక్తి వైపు చూపు మళ్లడానికి ఒక కారణం.

చిన్న రైతు కోసం ఆలోచన 1960లలో మొదలైంది. కెనడాలోని బ్రేస్ పరిశోధన సంస్థ గాజు మూత ఉన్న చెక్కపెట్టె డ్రయర్‌ను ప్రచారంలోకి తెచ్చింది. 1978లో బ్యాంకాక్‌లోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు వడ్ల కోసం చిమ్నీ ఉన్న డ్రయర్ కట్టారు. వేడెక్కిన గాలి తనంతట తానే పైకి లాగుకుపోతుంది, ఫ్యాను అక్కర్లేదు. 1980లలో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం పొడవాటి సొరంగం డ్రయర్‌ను రూపొందించి, సౌర ఫలకంతో తిరిగే చిన్న ఫ్యాన్లు పెట్టింది. ఎండ పెరిగితే ఫ్యాను జోరు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఈ ఏర్పాటే నేటి చాలా నమూనాలకు మూలం.

మన దేశంలో తమిళనాడుకు చెందిన ప్లాంటర్స్ ఎనర్జీ నెట్‌వర్క్ తేయాకు, సుగంధ ద్రవ్యాల షెడ్ల పైకప్పునే గాలిని వేడిచేసే ఫలకంగా మార్చింది. హైదరాబాద్‌లోని సీడ్ అనే సంస్థ పండ్లు, కూరగాయల కోసం ఫ్యానుతో నడిచే క్యాబినెట్ డ్రయర్లు తయారుచేసింది. మహారాష్ట్రలో ఎస్‌ఫోర్‌ఎస్ టెక్నాలజీస్ పల్లె స్త్రీలకు డ్రయర్లు ఇచ్చి, ఎండిన సరుకును తానే కొనే పద్ధతి పెట్టి 2023లో ఎర్త్‌షాట్ బహుమతి అందుకుంది.

ఇదే కాలంలో ఎవరూ పెద్దగా యంత్రమని పిలవని వస్తువొకటి నిశ్శబ్దంగా పాకింది. కొలంబియా చిన్న రైతులు వంపు తిరిగిన ప్లాస్టిక్ కప్పు కింద, లేదా ముందుకూ వెనక్కూ జరిపే పైకప్పు కింద పార్చ్‌మెంట్ (గుజ్జు తీసి కడిగాక పలచని పైపొరతో ఉండే గింజ) ఎండబెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. వ్యాసాలకు ఎక్కువగా ఎక్కింది పైన చెప్పిన యంత్రాలు, రైతుల చేతికి ఎక్కువగా అందింది ఈ ప్లాస్టిక్ కప్పు.

నీళ్ల లెక్క

పెట్టెలో జరిగే పని సులువైనదే. 25 డిగ్రీల వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిని 40 డిగ్రీలకు వేడిచేస్తే, కొత్తగా తేమ కలవనంత వరకు, ఆ ఆర్ద్రత సుమారు 34 శాతానికి పడిపోతుంది. గాలి దాహం పెరిగిందన్నమాట. ఆ గాలి పంట మీదుగా వెళ్లి తేమ తాగి బయటికి పోవాలి. బయటికి పోయే దారి లేకపోతే వేడి ఉన్నా ప్రయోజనం లేదు. గాలి రంధ్రాలు మూసేసి లోపల వేడి పుట్టిందని సంబరపడే పాలిథిన్ గుడారాల్లో తెల్లారేసరికి కప్పు నుంచి నీటి బొట్లు పంట మీదే రాలుతుంటాయి.

ఎంత వేడి కావాలి? 52 శాతం తేమ ఉన్న 100 కిలోల తడి పార్చ్‌మెంట్ 11 శాతానికి దిగాలంటే సుమారు 46 కిలోల నీళ్లు పోవాలి. ఒక్కో కిలో నీటికి దాదాపు 0.67 యూనిట్ల వేడి చొప్పున మొత్తం 31 యూనిట్లు. చదరపు మీటరు నేల మీద రోజుకు 5 యూనిట్ల ఎండ పడి, అందులో 30 శాతం పనికొస్తే 1.5 యూనిట్లు. అంటే 5 రోజుల్లో ఎండాలంటే 4 చదరపు మీటర్లు సరిపోవాలి. చివరి తేమ మొండిగా, నిదానంగా వదులుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 8 అనుకుందాం. చిన్న కమతం గిరిజన రైతు ఒక్కో కోతలో తెచ్చే సరుకుకు ఇది అందుబాటులో ఉన్న కొలతే.

ఇక గుంటూరు మిర్చి సంగతి. ఎకరానికి 20 క్వింటాళ్ల ఎండుమిర్చి రావాలంటే, 75 శాతం తేమతో 7 టన్నులకు పైగా పచ్చి కాయ కల్లానికి చేరుతుంది. నాలుగు కోతల్లో వచ్చిందనుకున్నా ఒక్కో కోతలో సుమారు 1,300 కిలోల నీళ్లు పోవాలి. పై లెక్కనే వాడితే, 5 రోజుల్లో ఎండడానికి ఎకరానికి దాదాపు 115 చదరపు మీటర్లు. మూడెకరాల రైతుకు 350. అదీ చివరి మొండితనాన్ని లెక్కలోకి తీసుకోకుండా. ఏడాదిలో కొన్ని వారాలే పనికొచ్చే అంతటి నిర్మాణాన్ని ఏ కౌలురైతూ కట్టించడు. మిర్చి కల్లం వెనకబాటుతనానికి గుర్తన్నట్టు మాట్లాడేవారు ఈ గుణకారం ఒకసారి చేసి చూడాలి. విత్తనానికి, ప్రత్యేక ఎగుమతి సరుకుకు డ్రయర్ వేరే లెక్క. మొత్తం పంటకు మాత్రం కల్లం మీద టార్పాలిన్, తాలు కాయ ఏరివేత, వానొస్తే కప్పే మనుషులు, ఇవే ఇంకా చాలాకాలం గతి.

ఈ లెక్క చేతిలో ఉంటే ప్రచురిత ఫలితాలను చదివే చూపు కూడా మారుతుంది. థాయిలాండ్‌లోని శిల్పకార్న్ విశ్వవిద్యాలయ బృందం లావోస్‌లోని చంపాసక్‌లో కట్టిన పాలికార్బొనేట్ డ్రయర్‌ను చాలామంది ఉదాహరిస్తారు. 7.5 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, సౌర ఫలకాలతో తిరిగే ఫ్యాన్లు. అందులో 200 కిలోల కాఫీ 52 శాతం నుంచి 13 శాతానికి 2 రోజుల్లో దిగింది, ఆరుబయట 4 రోజులు పట్టింది. పెట్టుబడి రెండున్నరేళ్లలో తిరిగి వస్తుందని అంచనా. మంచి ఫలితమే. కానీ 150 చదరపు మీటర్ల నేల మీద 200 కిలోలంటే మీటరుకు కిలోన్నర కూడా లేదు. మంచెల మీద రైతులు దానికి ఎన్నో రెట్లు మందంగా పోస్తారు. కట్టినవారే చెప్పిన సామర్థ్యం 1,000 కిలోలు. నిండా పోస్తే ఎన్ని రోజులు పడుతుందన్నదే రైతుకు కావలసిన జవాబు, 2 రోజుల మాట ఆ జవాబు ఇవ్వదు. ఆరుబయట అన్నది మట్టినేలా, సిమెంటు కల్లమా, వల పరిచిన మంచా అన్నదాన్ని బట్టి కూడా పోలిక తారుమారవుతుంది. ఈ రంగపు వ్యాసాలు చదివేటప్పుడు ముందు చూడవలసింది దేనితో పోల్చారన్నదే.

త్వరగానా, నిదానంగానా

డ్రయర్ అమ్మేవారు ముందు చెప్పేది వేగం. కాఫీ కొనేవారిలో ఒక వర్గం కోరేది దానికి సరిగ్గా విరుద్ధం. ప్రత్యేక కాఫీ వ్యాపారుల్లో చాలామంది మెల్లగా, నీడపట్టున ఎండిన గింజే ఎక్కువకాలం రుచి నిలుపుకుంటుందని నమ్ముతారు. ఇందులో ఊహే కాదు, ఆధారమూ కొంత ఉంది. బ్రెజిల్‌లోని లావ్రాస్ విశ్వవిద్యాలయంలో ఫ్లావియో బోరెమ్ బృందం 40 డిగ్రీల వద్ద, 60 డిగ్రీల వద్ద ఎండిన గింజలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. 60 వద్ద కణాల పొరలు చిట్లి లోపలి నూనె బయటికి వచ్చినట్టు కనిపించింది. అందుకే పార్చ్‌మెంట్ గింజ వేడి 40 దాటరాదన్నది వాడుకలో ఉన్న హద్దు. మధ్యాహ్నం పాలిథిన్ కప్పు కింద గాలి ఈ హద్దును సునాయాసంగా దాటుతుంది. వానరోజు కోసం కట్టిన వస్తువు ఎండరోజున పంటకు ముప్పు తెస్తుంది. గాలి రంధ్రాలు తెరిచే మనిషి లేకపోతే అంతే.

వేగం కోరేవారికీ బలమైన సాక్ష్యమే ఉంది. ఓక్రాటాక్సిన్-ఏ అనే బూజు విషం పుట్టేది గింజ పూర్తి తడిగానో పూర్తి పొడిగానో ఉన్నప్పుడు కాదు, ఆ రెంటికీ నడుమ నలిగే రోజుల్లో. కాఫీ కోసం 2009లో వచ్చిన కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ఆచరణ నియమావళి ఆ ప్రమాదకర దశను కల్లం మీద 5 రోజుల్లోపు దాటిస్తే విషం పేరుకోకుండా ఆపవచ్చంటుంది. ఐరోపా సమాఖ్య 2023 జనవరి నుంచి వేయించిన కాఫీలో ఈ విషానికి హద్దును కిలోకు 5 మైక్రోగ్రాముల నుంచి 3కు దించింది. ఎగుమతిదారుకు ఇది రుచి చర్చ కాదు, సరుకు వెనక్కి రావడమా లేదా అన్న చర్చ.

జాగ్రత్తగా చూస్తే ఈ రెండు వాదాలూ ఒకే దశ గురించి మాట్లాడటం లేదు. పైతడి త్వరగా పోవాలి, మధ్య దశ ఆగకుండా సాగాలి, చివరి కొన్ని శాతాలు మాత్రం తొందరపెట్టకుండా, రాత్రి తేమ తిరిగి పట్టకుండా దిగాలి. అంతర్జాతీయ కాఫీ సంస్థ 2004 నాటి 420వ తీర్మానం 8 నుంచి 12.5 శాతం మధ్య తేమను హద్దుగా పెట్టింది. మన కాఫీ బోర్డు పార్చ్‌మెంట్‌ను 10 శాతానికి ఎండబెట్టమంటుంది. అక్కడికి చేరేది ఎన్ని రోజులకన్నదాని కంటే ఏ దారిన చేరిందన్నదే పెద్ద ప్రశ్న అని ఈ సమీక్షకుడి అభిప్రాయం.

వెలుతురు తగవు

ఇది చిన్న తగవే, కానీ ఒకే డ్రయర్ అన్ని పంటలకూ అనే ప్రచారాన్ని దెబ్బ తీస్తుంది. కెన్యాలో పార్చ్‌మెంట్ ఎండే దశలను గింజ రంగును బట్టి విడదీసి, నడిమి నలుపు దశలో సూర్యకాంతి నేరుగా తగిలితేనే నాణ్యత అనే సంప్రదాయం బలంగా ఉంది. పాలికార్బొనేట్ రేకు అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. దానివల్ల కాఫీకి నష్టమా, కాదా అన్నదాంట్లో ఏకాభిప్రాయం లేదు.

మిర్చిలో, పసుపులో దీనికి పూర్తి వ్యతిరేకం. ఎర్రదనాన్నీ, పసుపులోని కుర్కుమిన్‌నూ వెలుతురే తినేస్తుంది. వాటికి చీకటి అరలో వేడిగాలి తగిలే పరోక్ష డ్రయర్ మేలు. కాబట్టి పారదర్శక కప్పు ఉన్న గదిలో కాఫీ తర్వాత పసుపు ఎండబెట్టేవారు పైన నీడవల కట్టుకోవాలి. ఖర్చు కొంచెమే, కరపత్రాల్లో మాత్రం ఆ మాట అరుదుగా కనిపిస్తుంది.

మూడు బాటలు

మొదటి బాట వారికి డ్రయర్ అంటే ముందుగా కప్పు. వాననూ మంచునూ ఆపి, వల పరిచిన మంచె మీద కింది నుంచి గాలి ఆడనిస్తే చాలు, మిగతాది ఎండ చూసుకుంటుంది. ఖర్చు తక్కువ, ఊరి మేస్త్రీ కట్టగలడు, చెడితే రైతే బాగుచేసుకుంటాడు. బలహీనత ముసురు పట్టిన వారం. కప్పు పంటను తడవనివ్వదు, కానీ ఎండనూ ఇవ్వదు.

రెండో బాట ఇంజినీర్లది. విడి ఫలకం, ఫ్యాను, ఉష్ణోగ్రత అదుపు, వేడిని దాచే రాళ్ల పరుపు లేదా పారఫిన్ మైనం. పగటి వేడిని దాచి రాత్రికి వాడుకోవచ్చన్నది అందమైన ఆలోచన. అయితే దాచడానికి పగలు మిగులు ఉండాలి కదా. మబ్బు పట్టిన మూడో రోజున రాళ్లు కూడా చల్లగానే ఉంటాయి. పరిశోధనా పత్రాల్లో విరివిగా కనిపించే ఈ నిల్వ పద్ధతులు పల్లెల్లో అరుదు కావడానికి ఖరీదుతో పాటు ఇదీ కారణం.

మూడో బాట జోడింపు వారిది. ఎండ ఉన్నంతసేపు సౌరం, లేనప్పుడు కట్టె, గ్యాసు లేదా కరెంటు. మబ్బు పేచీకి నేరుగా జవాబు చెప్పేది ఇదొక్కటే. చంపాసక్ డ్రయర్‌లోనూ గ్యాసు బర్నర్ పెట్టారు. కానీ ఇది ఇంటి ముంగిట పట్టదు. దీనికి ఉమ్మడి కేంద్రం, కాపలా మనిషి, ఇంధన ఖర్చు, సరుకు మోసుకొచ్చే రవాణా కావాలి. అడవి కాపాడటానికని మొదలుపెట్టి కట్టెల పొయ్యి దగ్గరికే వచ్చామే అని శుద్ధవాదులు నొచ్చుకుంటారు. వారం రోజుల ముసురులో పంట మొత్తం పోగొట్టుకోవడం కంటే నాలుగు మోపుల కట్టెలు నయమని రెండో పక్షం.

మూడింటినీ పక్కపక్కన పెడితే ఖర్చులోనూ నిర్వహణలోనూ మొదటిది, గింజ వేడిని అదుపులో ఉంచడంలో రెండోది, చెడు వాతావరణంలో మూడోది ముందుంటాయి. ఎక్కడ ఏది అన్నదానికి వానలెక్కతో పాటు పండు ఎవరి చేతిలో ఎండుతోందన్నది కూడా చూడాలి. అరకు ప్రాంతంలో నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో నడిచే సహకార వ్యవస్థ పళ్లనే సేకరించి కేంద్రంలో శుద్ధి చేస్తుంది. అక్కడ జోడింపు డ్రయర్ గిట్టుబాటు కావచ్చు. మరోవైపు ఇంటి దగ్గరే బేబీ పల్పర్‌తో గుజ్జు తీసి, ఎండబెట్టి, గిరిజన సహకార సంస్థకు అమ్మే కుటుంబాలున్నాయి. వారికి కప్పు, మంచె చాలు. జిల్లా అంతటికీ ఒకే నమూనా మంజూరు చేసే టెండరు ఈ తేడాను చూడలేదు.

ఎన్ని నెలలు పని, ఎవరికి లాభం

డ్రయర్ గిట్టుబాటును తేల్చేది దాని సామర్థ్యం కంటే అది ఏడాదిలో ఎన్ని నెలలు పని చేస్తుందన్నది. ఇక్కడ మన్యానికి ఒక అదృష్టం ఉంది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకే మిరియం కాఫీ తర్వాత కోతకొస్తుంది. పసుపు, అల్లం, చింతపండు అదే వరసలో ఉన్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఏదో ఒకటి మంచె మీద ఉండే వీలుంది. ఒక్క పంట ప్రాంతాలకు లేని సౌకర్యం ఇది. మిరియాల వాసన అంటిన వల మీద మళ్లీ కాఫీ పోయకూడదన్న జాగ్రత్త మాత్రం తప్పదు.

ఇంకా మొండి ప్రశ్న ధరది. బాగా ఎండిన గింజకూ, అరకొరగా ఎండిన గింజకూ సంతలో ఒకే ధర పలికితే రైతు డ్రయర్ ఎందుకు కట్టాలి? పైగా ఎక్కువ ఎండబెడితే తూకం తగ్గుతుంది. తడి 14 శాతం దగ్గర అమ్మినవాడి కంటే 10 శాతానికి దింపినవాడు నాలుగున్నర శాతం దాకా బరువు పోగొట్టుకుంటాడు. తేమ మీటరు పెట్టి దాన్ని బట్టి ధర కట్టే కొనుగోలు కేంద్రం ఒకటి వస్తే, పది ప్రదర్శన డ్రయర్లు చేయలేని పని చేస్తుంది. ముందు చెప్పిన మహారాష్ట్ర నమూనాలో గట్టి భాగం కూడా యంత్రం కాదు, సరుకును ముందే ఒప్పుకుని కొనడం.

రాయితీలు లేకపోలేదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర నవ్య, పునరుత్పాదక ఇంధన శాఖ జీవనోపాధికి తోడ్పడే పునరుత్పాదక ఇంధన పరికరాల కోసం ప్రకటించిన విధానంలో డ్రయర్లకూ చోటుంది. 2020లో వచ్చిన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద అప్పుతో ముడిపడి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ పెట్టారు. అప్పు ముడి అన్నదే చిన్న రైతుకు అడ్డు. సంఘాలకూ సహకార సంస్థలకూ ఇది అక్కరకొస్తుంది, విడి కుటుంబానికి తక్కువ.

ఇంకా తేలనివి

కప్పు కింద ఎండిన గింజ కప్పులో ఎలా ఉంటుంది? ఎండిన వెంటనే చేసే రుచి పరీక్ష సగం జవాబే. ఆరు నెలలు గోదాములో ఉన్నాక తేడా నిలుస్తుందా అన్నదే కొనేవాడి ప్రశ్న. ఒకే తోట పండు, ఒకే పల్పర్, ఒకే రోజు కోత. దాన్ని టార్పాలిన్, ఆరుబయటి మంచె, కప్పున్న మంచె అని మూడు పాళ్లు చేసి, వాయుగుండం పట్టిన వారంలో ఎండబెట్టి, పేర్లు దాచి రుచి చూడాలి. చింతపల్లి పక్కన ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది కనుక ఇది కొత్తగా కట్టవలసిన వ్యవస్థేమీ కాదు.

మబ్బు రోజుల కొలతలు ఇంకో లోటు. ఎండ బాగున్న రోజుల గ్రాఫులు పత్రాల్లో కావలసినన్ని. మూడు రోజుల ముసురులో కప్పు కింద రాత్రి ఆర్ద్రత ఎంత, తేమ ఎంత తిరిగి పట్టింది, ఒక చిన్న ఫ్యాను రాత్రంతా తిరిగితే ఎంత ఆగింది, ఈ లెక్కలు ఉంటే మొదటి బాటకూ మూడో బాటకూ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది.

చివరిది మరీ మామూలు విషయం. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పాలిథిన్ కప్పు మూడు నుంచి ఐదేళ్లలో పెళుసెక్కి చిరుగుతుంది. మొదటి షీటు రాయితీలో వస్తుంది. రెండోది రైతు జేబులోంచి రావాలి. ఎన్ని డ్రయర్లు మంజూరు చేశామన్నది శాఖల నివేదికల్లో ఉంటుంది. ఎన్నింటికి రెండో షీటు వేశారన్న వరస కూడా ఆ నివేదికల్లో చేరితే, రైతులు దీన్ని తమ వస్తువనుకున్నారో లేదో వాదన లేకుండా తెలిసిపోతుంది.